బ్యాచ్ నంబర్ ఎవరూ అడగరు

పొద్దున షట్టర్ ఎత్తి, దేవుడి పటం ముందు అగరుబత్తి వెలిగించి, తర్వాత ఫోన్ చూసుకోవడం నాకు అలవాటు. మా మెడికల్ షాపుల వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఎవరో పేపర్ కటింగ్ పెట్టారు. ఆటగాళ్ళు నిషేధించిన మందులు వాడటం, అదే డోపింగ్‌లో, మళ్ళీ మనమే ముందున్నామట. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ, అదే వాడా, ఇచ్చిన 2024 లెక్కలవి. మన దేశంలో 7,113 నమూనాలు పరీక్షిస్తే 260 పాజిటివ్ వచ్చాయి. నూటికి 3.6. ఎక్కువ పరీక్షలు చేసే దేశాల్లో ఇంత శాతం ఇంకెవరికీ లేదు. వరుసగా మూడో ఏడు ఇదే కథ.

కింద మూడు కామెంట్లు. ఒకాయన "పరువు పోయింది" అన్నాడు. ఇంకొకాయన "2036 ఒలింపిక్స్ మనకు రావద్దని చేస్తున్న కుట్ర" అన్నాడు. మూడో ఆయన "ఎక్కువ చెక్ చేస్తే ఎక్కువ దొరుకుతరు, చెయ్యనోడే దొర" అన్నాడు. ఈ మూడో మాటలో కొంత నిజముంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. నాకు మాత్రం తట్టిన ప్రశ్న వేరు. ఈ పాజిటివ్ వచ్చినవాళ్ళకు ఆ మందు ఎవరు అమ్మారు?

నాకే ఎందుకు తట్టిందంటే, ఇరవై రెండేళ్ళుగా నేను చేస్తున్నది మందులు అమ్మడమే. హన్మకొండలో, జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి నడిచి వెళ్ళేంత దూరంలో నా షాపు.

డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి మా షాపులో ఏదైనా మందు శాంపిల్ తీస్తే దాన్ని నాలుగు భాగాలు చేసి సీలు వేస్తాడు. ఒకటి నా చేతికిస్తాడు, ఒకటి ప్రభుత్వ ల్యాబుకు, ఒకటి కోర్టుకు. నాలుగోది, ఆ మందు నాకు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో వాళ్ళకు. మందు నాసిరకమని తేలితే నా మెడ పట్టుకోవడంతో పని అయిపోదు. మందుల చట్టంలో 18ఏ అనే సెక్షన్ ఉంది. "ఇది నీకెవరు ఇచ్చారు?" అని ఇన్‌స్పెక్టర్ అడిగితే చెప్పి తీరాలి. గుర్తులేదంటే కుదరదు, బిల్లు తియ్యాలి. నేను స్టాకిస్టు పేరు చెప్తాను, ఆయన పైవాడి పేరు చెప్తాడు, అలా బ్యాచ్ నంబర్ పట్టుకుని పోతే దారి ఫ్యాక్టరీ దాకా వెళ్తుంది. 2025 అక్టోబర్‌లో మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్ తాగి పిల్లలు చనిపోయినప్పుడు ఎస్ఆర్-13 అన్న బ్యాచ్ నంబర్ హన్మకొండ గల్లీలో ఉన్న నా ఫోన్‌కు కూడా వచ్చింది. నేనూ మా కుర్రాడూ ర్యాకులన్నీ దించి వెతుక్కున్నాం. మా దగ్గర లేదు. ఎక్కడో ఛింద్వాడాలో జరిగిన ఘోరానికి తమిళనాడులో ఫ్యాక్టరీ గేటు దాకా దారి దొరకడానికి రోజులే పట్టాయి.

ఆటల్లో డోపింగ్ కేసు ఇలా నడవదు. మూత్రం సీసాతో మొదలై, ఆ మూత్రం ఎవరిదో ఆ మనిషి దగ్గరే ఆగిపోతుంది. అందుకే ఒక దేశం డోపింగ్ విచారణకు సహకరిస్తోందని ఎవరన్నా చెప్తే, ఎంతమంది ఆటగాళ్ళను పట్టించిందని నేను లెక్కపెట్టను. ఆ సీసా వెనక దారిలో విచారణను ఎంత దూరం పోనిచ్చిందని చూస్తాను.

సార్ చెప్పిండు

2022 చివర్లో, కానిస్టేబుల్ ఈవెంట్స్ దగ్గర పడుతున్న రోజులు. మగపిల్లలు 1600 మీటర్లు ఏడుంపావు నిమిషాల్లో పరుగెత్తాలి. పరకాల, నర్సంపేట, ములుగు వైపు నుంచి వచ్చిన పిల్లలు నలుగురైదుగురు కలిసి ఒక రూం కిరాయికి తీసుకుని, తెల్లారకముందే గ్రౌండ్‌లో ఉండేవారు. మాకు గ్లూకోజ్ పొడి, నొప్పి స్ప్రే, క్రేప్ బ్యాండేజీ బాగా పోయే సీజన్ అది.

ఓ సాయంత్రం ఒక పిల్లాడు నోటుబుక్కులోంచి చింపిన కాగితం ఇచ్చాడు. డాక్టర్ పేరు లేదు, ముద్ర లేదు. ఇంగ్లిషులో ఒకే ఒక్క మందు పేరు. మెఫెంటెర్మిన్ ఇంజెక్షన్. ఆపరేషన్ జరుగుతున్నప్పుడు మత్తు వల్ల బీపీ పడిపోతే దాన్ని పైకి లేపడానికి ఇచ్చే మందు ఇది. ఉండాల్సింది ఆపరేషన్ థియేటర్లో. జిమ్ముల్లో, గ్రౌండ్లలో దీన్ని ఎందుకు అడుగుతారో మా వ్యాపారంలో తెలియనివాళ్ళు లేరు. గుండె దడదడలాడుతుంది, అలసట తెలియదు. కొన్నిసార్లు గుండె ఆగేదాకా కూడా తెలియదు. వాడా నిషేధించిన మందుల్లో ఇదొకటి.

"ఎవరు రాసిచ్చిండ్రు తమ్మీ?"

"సార్ చెప్పిండు అన్నా."

"ఏ సార్?"

పిల్లాడు చెప్పుల వైపు చూశాడు. "గ్రౌండ్ సార్."

"పేరేంది ఆయనది?"

"ఉంటే ఇయ్యన్నా, లేకుంటే లేదను. పేరెందుకు?"

లేదన్నాను. అబద్ధం. దగ్గర్లోని నర్సింగ్ హోం వాళ్ళు చెప్పి తెప్పించుకున్న పెట్టె ఒకటి లోపల ఉంది. పిల్లాణ్ణి పంపించేసి, నేనేదో మంచిపని చేసినట్టు టీ తాగాను. ఆ కాగితం వాడికి తిరిగి ఇచ్చేశానన్న సంగతి రాత్రి పడుకున్నాక గుర్తొచ్చింది. కనీసం ఫోటో తీసుకోలేదు. ఆ చేతిరాత ఎవరిదో తెలుసుకునే ఒక్క అవకాశం నా కౌంటర్ మీదికి వచ్చి, మళ్ళీ వాడి జేబులోకే పోయింది. పక్క గల్లీలో ఎవరో ఒకరు ఇచ్చే ఉంటారు.

"పేరెందుకు?" అని పందొమ్మిదేళ్ళ పిల్లాడు అడిగితే వాడి భయం నాకు అర్థమవుతుంది. ఇదే మాటను దేశాలు కూడా అంటాయి. కాకపోతే లెటర్‌హెడ్ మీద.

రాత్రికి రాత్రే రిజిస్టర్ మార్చినట్టు

రష్యా డోపింగ్ కథ అందరికీ తెలిసిందే, 2014 సోచీ వింటర్ ఒలింపిక్స్‌లో ల్యాబు గోడకు రంధ్రం పెట్టి మూత్రం సీసాలు మార్చడం దగ్గర్నుంచి. దాన్ని మళ్ళీ చెప్పను. మా వ్యాపారం కళ్ళతో చూస్తే నాకు అందులో గట్టిగా తగిలేవి రెండు ఘట్టాలు. మొదటిది 2014 డిసెంబర్. రష్యా డోపింగ్ మీద జర్మన్ టీవీలో డాక్యుమెంటరీ వచ్చింది, వాడా వాళ్ళు నమూనాలు పరీక్షించే మాస్కో ల్యాబుకు వస్తున్నారు, నమూనాలు జాగ్రత్తగా ఉంచమని ముందే చెప్పారు. వాళ్ళొచ్చేసరికి 1,417 నమూనాలు లేవు. పారేశారు. రెండోది 2019 జనవరి. ఏళ్ళ తరబడి అడిగితే చివరికి ల్యాబు కంప్యూటర్లలో ఉన్న డేటా ఇచ్చారు. ఇచ్చాం కదా, సహకరించాం కదా అన్నారు. విప్పి చూస్తే కొన్ని ఫలితాలు తుడిచేసి ఉన్నాయి. నేరమంతా ఆ ల్యాబు మాజీ డైరెక్టర్ రోద్చెన్కోవ్ మీదికి నెట్టేలా కొత్త మెసేజీలు అతికించి ఉన్నాయి. ఇన్‌స్పెక్టర్ రేపొస్తాడని తెలిసి రాత్రికి రాత్రే స్టాకు రిజిస్టర్ తిరగరాసే షాపు ఒకటో రెండో ప్రతి ఊళ్ళో ఉంటాయి. పేజీలన్నీ ఒకే ఇంకుతో, ఒకే చేతిరాతతో తళతళలాడుతుంటాయి. అట్లా దొరికిపోయారు.

శిక్ష కూడా చూడండి. వాడా రష్యా మీద నాలుగేళ్ళ నిషేధమన్నది, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం రెండేళ్ళు చేసింది, అది 2022 డిసెంబర్‌తో అయిపోయింది. మధ్యలో నలిగింది ఎక్కువగా ఆటగాళ్ళే. అంతకుముందు 2016 రియో ఒలింపిక్స్‌లో రష్యా అథ్లెటిక్స్ జట్టంతా ఆగిపోతే లాంగ్‌జంప్ అమ్మాయి క్లిషినా ఒక్కతే ఆడింది, అదీ రష్యా బయట ఉండి పరీక్షలు చేయించుకుంది కాబట్టి.

రష్యా మీద రాళ్ళు వెయ్యడం తేలిక. స్పెయిన్ సంగతి ఎంతమందికి గుర్తుంది? 2006లో పోలీసులు ఫ్యుయెంటెస్ అనే డాక్టర్ దగ్గర రెండువందలకు పైగా రక్తం సంచులు పట్టుకున్నారు. ఆటగాళ్ళ రక్తమే తీసి దాచి, పోటీ ముందు తిరిగి ఎక్కించే వ్యాపారం. సంచుల మీద పేర్లకు బదులు కోడ్ మాటలు. ఒక సైకిల్ వీరుడి సంచి మీద ఆయన పెంపుడు కుక్క పేరు. అప్పటికి స్పెయిన్‌లో డోపింగ్ నేరం కాదు, కాబట్టి కేసు ప్రజారోగ్యం కింద నడిచింది. 2013లో జడ్జి ఆ సంచులు నాశనం చెయ్యమన్నారు. పైకోర్టు 2016లో, కాదు, వాడాకు ఇవ్వండన్నది. అప్పటికి పదేళ్ళు. పేర్లు తేలినా శిక్ష వేసే గడువు దాటిపోయింది. ఎవరూ ఏదీ తగలబెట్టలేదు. వాయిదా మీద వాయిదా వేసుకుంటూ పోయారు, అంతే. భూమి కేసులో ఒక్కసారైనా కోర్టు మెట్లెక్కిన మన వరంగల్ రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇక చైనా. ఈ కేసు మీద నాకు ఆసక్తి ఎక్కువ, ఎందుకంటే మందు నాకు బాగా తెలిసింది. ట్రైమెటాజిడిన్. గుండెకు రక్తం సరిగ్గా అందక ఛాతీ పట్టేసినట్టుండే పెద్దవాళ్ళకు రాస్తారు. మా షాపులో నెలనెలా ఒకటో తారీఖున పెన్షన్ తీసుకుని నేరుగా వచ్చే రిటైర్డ్ మాస్టార్లు ఉన్నారు, వాళ్ళ చీటీల్లో కనిపిస్తుంటుంది. 2021 జనవరిలో షిజియాజువాంగ్‌లో ఈతపోటీలకొచ్చిన 23 మంది చైనా ఈతగాళ్ళ నమూనాల్లో ఇదే మందు దొరికింది. చైనా సంస్థ చేసిన విచారణలో తేలిందేమిటంటే, వాళ్ళు దిగిన హోటల్ వంటింట్లో మసాలా డబ్బాల్లో, పొగగొట్టంలో, మురుగు కాలువలో ఆ మందు జాడలున్నాయని. తిండి ద్వారా ఒంట్లోకి పోయింది, ఆటగాళ్ళ తప్పు లేదు, ఫైలు మూశారు. వాడా అప్పీలు చెయ్యలేదు. 2024 ఏప్రిల్‌లో న్యూయార్క్ టైమ్స్, జర్మన్ టీవీ బయటపెట్టేదాకా ప్రపంచానికి తెలియదు.

మొదట చదివినప్పుడు నేను నవ్వాను. తర్వాత నవ్వు ఆగింది. ఒంట్లో దొరికింది చాలా తక్కువ మోతాదు. 23 మందీ దిగింది ఒకే హోటల్లోనని చెప్పారు. ఒకే మనిషికి ఒక పూట పాజిటివ్, ఇంకో పూట నెగెటివ్ వచ్చిన సందర్భాలున్నాయి. మందు మింగినవాడి ఒంట్లో లెక్క ఇట్లా దూకదు. స్విట్జర్లాండ్ మాజీ ప్రాసిక్యూటర్ కోటియే ఫైలు పరిశీలించి, వాడా పక్షపాతం చూపలేదు, అప్పీలు చెయ్యకపోవడం సమంజసమే అన్నారు. సరే, ఒప్పుకుంటాను. పిల్లలు మింగి ఉండకపోవచ్చు.

కానీ మందుల షాపువాడిగా నా ప్రశ్న పోలేదు. గుండె జబ్బు మాత్ర వంటింట్లోకి ఎట్లా వచ్చింది? ఎవరిది? వంటమనిషిదా, వాళ్ళ నాన్నదా? పొగగొట్టం దాకా పోయి జాడలు పట్టినవాళ్ళు, విచారణకు పోలీసు యంత్రాంగాన్నే దింపినవాళ్ళు, ఒక్క మాత్ర ఎవరి చేతిలోంచి జారిందో చెప్పలేకపోయారు. మేమైతే 18ఏ కింద అట్లా తప్పించుకోలేం. అదే మందు రష్యా స్కేటింగ్ పిల్ల వలియేవా కేసులోనూ ఉంది. అక్కడ తాతగారి మందు అన్నారు. కోర్టు నమ్మలేదు, నాలుగేళ్ళ నిషేధం పడింది. తాత కథ చెల్లలేదు, వంటింటి కథ చెల్లింది. ఏ కథ నిజమో నేనెట్లా చెప్తాను? ఒకటి బయట న్యాయస్థానం ముందు నిలబడి ప్రశ్నలెదుర్కొంది, ఇంకొకటి దేశం లోపలే మొదలై లోపలే ముగిసింది. నాకు కనిపించే తేడా అదీ.

అన్ని దేశాలూ ఇంతేనా అంటే, కెనడా ఉంది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో వాళ్ళ పరుగు వీరుడు బెన్ జాన్సన్ దొరికాక కెనడా ప్రభుత్వం తన సొంత జడ్జి చార్లెస్ డూబిన్‌తో బహిరంగ విచారణ పెట్టించింది. కోచ్, డాక్టర్, ఆటగాళ్ళు ప్రమాణం చేసి అంతా చెప్పారు, టీవీలో దేశమంతా చూసింది. పరువు పోయింది, అందులో సందేహం లేదు. కానీ ఇవాళ డోపింగ్ ఎట్లా నడుస్తుందో లోకానికి తెలిసిందాంట్లో సగం అక్కడ బయటపడ్డదే. అదే 1988లో అమెరికా సెలెక్షన్ ట్రయల్స్‌లో వాళ్ళ పరుగు వీరుడు కార్ల్ లూయిస్‌కు ఉత్ప్రేరకాలు పాజిటివ్ వస్తే వాళ్ళ ఒలింపిక్ కమిటీ పొరపాటున జరిగిందని మాఫీ చేసి మూసేసింది. లోకానికి తెలిసింది 2003లో. ఇప్పుడు అదే అమెరికా, చైనా కేసులో వాడా తీరు బాగాలేదని 2024 చందా 36 లక్షల డాలర్లు ఆపేసింది. ఎవరి అద్దం వాళ్ళ ఇంట్లో ఉండదు కాబోలు.

మన ఇంటి సంగతి

ఇక మనం. వాట్సాప్‌లో ఆ మూడో ఆయన అన్నది ఇక్కడికొస్తుంది. ఎక్కువ వెతికితే ఎక్కువ దొరుకుతారన్నది నిజమే. 2022లో మనం నాలుగు వేలు కూడా పరీక్షించలేదు, రెండేళ్ళలో ఏడు వేలు దాటాం. అది మంచికే. కానీ శాతం మాటేమిటి? చైనా ఏడాదికి ఇరవై వేలకు పైగా నమూనాలు పరీక్షిస్తుంది, పాజిటివ్ నూటికి 0.2. అంత శుభ్రంగా ఉన్నారా, వెతికేచోట వెతకట్లేదా? నాకు తెలియనిదాని మీద తీర్పు చెప్పను. మన 3.6ను మాత్రం సిగ్గుపడాల్సిన అంకెగా నేను చూడను. జ్వరం చూసే థర్మామీటర్‌ను తిట్టి లాభం లేదు.

నన్ను బాధపెట్టేది వేరే. 2023 సెప్టెంబర్‌లో ఢిల్లీ రాష్ట్ర అథ్లెటిక్స్ మీట్. డోపింగ్ పరీక్షకు మన జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ, అదే నాడా, వాళ్ళొచ్చారని తెలియగానే మగవాళ్ళ వంద మీటర్ల ఫైనల్‌కు ఒకే ఒక్క పిల్లాడు మిగిలాడు. మిగతావాళ్ళు మాయం. స్టేడియం టాయిలెట్లలో వాడి పారేసిన సిరంజిలు. ఆ వీడియో చూసి దేశమంతా నవ్వింది. మా షాపులో కూడా చూశాం. మా కుర్రాడు నవ్వుతూ ఫోన్ నాకిస్తే నేను వీడియో ఆపి ఆపి చూశాను. సిరంజి పక్కన సీసా పడి ఉంటే దాని మీద లేబుల్ ఉంటుంది. లేబుల్ మీద బ్యాచ్ నంబర్ ఉంటుంది. బ్యాచ్ నంబర్ ఉంటే ఏ స్టాకిస్టుకు పోయిందో కంపెనీ కంప్యూటర్లో ఉంటుంది. ఎవరన్నా ఆ చెత్తబుట్ట సీలు చేసి ఉంటే బాగుండు అనుకున్నాను. పారిపోయిన పిల్లల గురించి ఎన్నో వార్తలు చదివాను. ఆ సూదులు అమ్మినవాడి గురించి ఒక్కటీ నా కంట పడలేదు.

అధికారం లేక కాదు. 2022లో వచ్చిన చట్టం నాడాకు తనిఖీ చేసే, వెతికే, స్వాధీనం చేసుకునే అధికారమిచ్చింది. అదే చట్టం నాడా నెత్తిన ప్రభుత్వం వేసే ఒక బోర్డును కూర్చోబెడితే వాడా అభ్యంతరం చెప్పింది, 2025లో సవరించుకోవాల్సి వచ్చింది. ఇట్లాంటి గొడవలు మనకు కొత్త కాదు. క్రికెట్ బోర్డు ఏళ్ళ తరబడి నాడాను గుమ్మం తొక్కనివ్వలేదు, మా పిల్లల్ని మేం చూసుకుంటాం అన్నది. 2019లో క్రికెటర్ పృథ్వీ షా నమూనాలో నిషేధిత జాబితాలో ఉన్న టెర్బుటలిన్ దొరికింది. దగ్గు సిరప్ వల్ల అన్నాడు. ఆ మాట నేను నమ్ముతాను, టెర్బుటలిన్ ఉన్న సిరప్పులు నా రెండో ర్యాకులో అరడజను రకాలున్నాయి, చలికాలం రోజుకు పది సీసాలు పోతాయి. నాకు నచ్చనిది, నమూనా తీయించిందీ, తీర్పు చెప్పిందీ, శిక్ష వెనక తేదీ నుంచి లెక్కగట్టిందీ ఒకే బోర్డు కావడం. ఎనుమాముల మార్కెట్లో పత్తి కొనేవాడే తేమ మిషన్ పట్టుకుంటే రైతు ఎట్లా గొణుగుతాడో తెలుసు కదా. ఇక్కడ అమ్మేవాడే మిషన్ పట్టుకున్నాడు. ఆ ఆగస్టులో బోర్డు దిగొచ్చి నాడా కిందికి వచ్చింది.

అదే ఆగస్టులో డోపింగ్ పరీక్షలు చేసే మన ఢిల్లీ ల్యాబు గుర్తింపును వాడా సస్పెండ్ చేసింది. 2021 డిసెంబర్ దాకా తిరిగి రాలేదు. అన్నేళ్ళూ మన పిల్లల సీసాలు దోహా లాంటి చోట్లకు విమానమెక్కి పోయాయి.

కుస్తీ వీరుడు నర్సింగ్ యాదవ్‌ను తలుచుకుంటే నాకిప్పటికీ తేల్చుకోలేని బాధ. రియోకు ముందు స్టెరాయిడ్ దొరికింది. ఎవరో నా తిండిలో కలిపారన్నాడు. మన నాడా ప్యానెల్ నమ్మి వదిలేసింది. వాడా అప్పీలుకు పోయింది, 2016 ఆగస్టు 18న, బౌటుకు కొన్ని గంటల ముందు, నాలుగేళ్ళ నిషేధం పడింది. ఆ రోజు నేను టీవీ ముందు వాడాను తిట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే, తిట్టాల్సింది మనల్నే. నిజంగా ఎవరో కలిపి ఉంటే, ఆ మనిషిని, ఆ డబ్బాను, ఆ షాపు బిల్లును పట్టుకొచ్చి బయట న్యాయస్థానం ముందు పెట్టాల్సింది. మనం పెట్టింది జాలి.

2011లోనూ అంతే. కామన్వెల్త్‌లో, ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన రిలే అమ్మాయిలు స్టెరాయిడ్లకు దొరికారు. చైనా నుంచి తెచ్చిన జిన్సెంగ్‌లో ఉందేమో తెలియదు, మాకు ఇచ్చింది తిన్నాం అన్నారు. ఉక్రెయిన్ కోచ్‌ను తీసేశారు. మన ప్యానెల్ ఏడాది నిషేధమేస్తే క్రీడా న్యాయస్థానం రెండేళ్ళు చేసింది. ఇరవైల్లో ఉన్న పిల్లలు, క్యాంపులో ఏది పెడితే అది తినేవాళ్ళు. నా మనసులో ఆ కేసు పేరు చెప్పగానే మెదిలేది ఇప్పటికీ ఆ అమ్మాయిల ముఖాలే. వాళ్ళ పక్కన నిలబడ్డ పెద్దవాళ్ళలో ఒక్కరి ముఖమూ గుర్తు రాదు. అదే నా ఫిర్యాదు.

అనుమానం తప్పు కూడా కావచ్చు

ఇంతదాకా రాసి, నాకు నేనే అడ్డం పడాలి. 2021 సెప్టెంబర్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ మన హన్మకొండ స్టేడియంలోనే జరిగాయి. కొత్త సింథటిక్ ట్రాకు, ఊరంతా పండగలా ఉంది. ఫస్ట్ ఎయిడ్ సామాను ఇవ్వడానికి పోయి నేను గ్యాలరీలో కూర్చుండిపోయాను. ఆ పోటీల్లో హర్‌మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి పందొమ్మిదేళ్ళ నాటి జాతీయ రికార్డు బద్దలు కొట్టింది. మన గడ్డ మీద జాతీయ రికార్డు! చప్పట్లు కొట్టి చేతులు మండాయి.

ఆ పాత రికార్డు ఎవరిదో ఇంటికొచ్చాక చదివాను. సునీతా రాణి. 2002 బుసాన్ ఆసియా క్రీడల్లో బంగారం గెలిచింది, నాండ్రోలోన్ అనే స్టెరాయిడ్ దొరికిందని పతకం లాక్కున్నారు. మన వాళ్ళు వదల్లేదు, సియోల్ ల్యాబు కాగితాలు తెప్పించి చూస్తే లెక్కల్లో తేడాలున్నాయి. పతకం తిరిగొచ్చింది. అంటే దేశం తన ఆటగాడి పక్షాన నిలబడటం ప్రతిసారీ అడ్డు తగలడమే కాదు. అక్కడ మనవాళ్ళు ప్రకటనలతో ఆగకుండా కాగితాలు అడిగారు, చూశారు, చూపించారు. ల్యాబును కూడా 18ఏ అడిగినట్టే. వాడా చెప్పింది వేదమని నేనెప్పుడూ అనను.

ఇంకో సందేహం నన్ను ఎక్కువ గుంజుతుంది. దారి వెంట పోండి, అమ్మినవాణ్ణి పట్టండి అని రాయడం తేలిక. మన దగ్గర విచారణ అంటే మొదట పోరన్నే స్టేషన్లో బెంచీ మీద కూర్చోబెడతారు. గ్రౌండ్ సార్‌కు ఎవరో లీడర్ తెలిసి ఉంటాడు. అమ్మినవాడి పేరు చెప్తే నిషేధంలో ముప్పావు వంతు దాకా మాఫీ చెయ్యొచ్చని వాడా నియమాల్లో ఉంది. చదవడానికి బాగుంది. కానీ ఆ సారే రేపటి జిల్లా మీట్‌కు పేర్లు రాసేవాడు, రూం ఇప్పించినవాడు, షూ కొనిచ్చినవాడు. స్పోర్ట్స్ కోటా రెండు శాతం ఉద్యోగాలకు సర్టిఫికెట్ దారి ఆయన గుమ్మం మీదుగానే పోతుంది. ఆయన పేరు చెప్పిన పిల్లాడు నిషేధం తగ్గించుకుని ఏ గ్రౌండ్‌కు పోవాలి? నేను షాపువాణ్ణి, స్టాకిస్టు పేరు చెప్తే ఇంకో స్టాకిస్టు దగ్గర కొనుక్కుంటాను. వాడికి ఇంకో సార్ లేడు.

ఖాళీ సీసా

పోయిన నెల ఒక పెద్దాయన వచ్చాడు. అవతల ఎక్కడో మంగపేట దగ్గరి ఊరట. తువ్వాల మూటలోంచి చిన్న ఖాళీ సీసా తీసి కౌంటర్ మీద పెట్టాడు. "మా పోరని బ్యాగుల దొరికింది పటేలా. ఏం మందు ఇది? వానికేమన్న రోగమా?"

చదివాను. రోగం కాదని చెప్పాను. ఏమిటో చెప్పాను. ఆయన చాలాసేపు నిలబడ్డాడు. ఈసారి నేను తప్పు చెయ్యలేదు, ముందే ఫోటో తీసుకున్నాను. లేబుల్ చెక్కుచెదరలేదు. బ్యాచ్ నంబర్, కంపెనీ పేరు, ఎక్స్‌పైరీ, అన్నీ ఉన్నాయి. తెలిసిన స్టాకిస్టుకు ఫోన్ చేశాను. ఆ బ్యాచ్ మన జిల్లాల్లో ఎవరికి పోయిందో చూడగలవా అన్నాను. "చూడగలను అన్నా. కానీ నీకెందుకు?" అన్నాడు. తర్వాత ఇన్‌స్పెక్టర్‌తో ఒక పెళ్ళిలో మాటల్లో మాటగా అన్నాను. ఆయన మంచిగానే విన్నాడు. "రాసివ్వండి, చూద్దాం" అన్నాడు.

పెద్దాయనకు ఫోన్ చేసి చెప్పాను, రాసిద్దామని. అవతల కాసేపు మాట లేదు.

"రాయి పటేలా. మా పోరని పేరు మాత్రం పెట్టకు. వచ్చే నెల వానికి సెలెక్షన్ ఉన్నది."

దరఖాస్తు సగం రాశాను. మందు పేరు, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ నింపాను. ఎవరి వద్ద, ఎక్కడ దొరికింది అన్న గడి పది రోజులుగా ఖాళీగా ఉంది.